పొంగిన పాలకు దోషం లేదట

నమోదు 1

ఈ ఉదయం బార్జి మీద రెండు గేదెలు నావలపాడు రేవుకు చేరాయి. దిగీ దిగగానే మొదటిది పేడ వేసింది. రేవులో నిలబడ్డ జనం చప్పట్లు కొట్టారు.

గోడపత్రిక విలేకరిగా ఈ చివరి వాక్యం కొట్టేద్దామనుకుని ఉంచేశాను. జరిగింది అదే. నావలపాడులో నేల లేదు. పాత ఓడల్ని గొలుసులతో ఒకదానికొకటి బిగించి వాటి మీద గదులు కట్టుకున్నాం. ఈ ఊళ్ళో పశువును దగ్గరగా చూసింది డాక్టర్ జుబేదా ఒక్కరే, అదీ ఒడ్డున చదువుకునే రోజుల్లో. మిగతావాళ్ళకు పాలంటే తొట్టిపాలు. స్టీలు తొట్టిలో తయారై, గొట్టంలో వచ్చి, గదిలో కుళాయి తిప్పితే పడతాయి. రుచి గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడ్డానికి అందులో ఏమీ లేదు.

గేదెల్ని తెప్పించింది జీవధారా మండలి. మండలి అధ్యక్షులు త్రివిక్రమరావు గారు రేవులో ప్రసంగించారు. తొట్టిపాలు శవమని, గేదెపాలు జీవమని, నావలపాడు ఈ రోజు మళ్ళీ పుట్టిందని అన్నారు. గేదె రెండోసారి పేడ వేయడంతో ప్రసంగం కాసేపు ఆగింది.

కాపరి పేరు పాండురంగం. మొన్నటిదాకా ఓడల తాళ్ళు చూసుకునేవాడు. ఇంటర్వ్యూలో పశువుల పట్ల ప్రేమ ఉందా అని అడిగితే ఉందన్నాడట. ఉద్యోగం ఇచ్చి, గేదెల్ని తెమ్మని ఒడ్డుకు పంపేశారు.

"రెండూ కడుపుతో ఉన్నాయన్నారు కదా," అని అడిగాను.

"ఎక్కినప్పుడు రెండూ కడుపుతోనే ఉన్నాయండి. ఇది నల్లముత్యం, ఇయ్యాలో రేపో ఈనుద్ది. ఆ నుదుటి మీద తెల్లమచ్చది చంద్రవంక. అది దారిలో ఈసుకుపోయిందండి."

నెలలు నిండకుండానే చచ్చిన దూడ పడిపోయిందని అర్థం.

"మరి ఏం చేశావు?"

"నేనే చేతుల్తో లాగి సముద్రంలో వదిలేశానండి. పాలు మాత్రం దిగాయి, ఆయ్."

త్రివిక్రమరావు గారు కలగజేసుకుని అది ప్రయాణపు బడలిక అన్నారు. గేదెను పరీక్ష చేయించారా అని అడిగాను. తల్లిని పరీక్షించే సంస్కృతి మనది కాదన్నారు.

నమోదు 2

నల్లముత్యం ఈనింది. మొదటి పాలు పచ్చగా, చిక్కగా వస్తే చెడిపోయాయనుకుని మండలివాళ్ళు సముద్రంలో పోసేశారు. అవి జున్నుపాలని, ఒడ్డున వాటికోసం కొట్టుకుంటారని డాక్టర్ జుబేదా చెప్పింది. మండలి సంతాప తీర్మానం చేసింది.

ఇప్పుడు పాలు తెల్లబడ్డాయి. రోజూ పంచుతున్నారు. పంచే పద్ధతి చూడ్డానికి వెళ్ళాను.

ఇక్కడ పొంగుబుడ్డి గురించి రాయాలి. కాళ్ళ కింద హైడ్రోజన్ నిలవ పెట్టుకున్న ఊరు కనుక నావలపాడులో మంట నిషేధం. దాని మీద ఎవరూ వాదించరు. వంటంతా మూత బిగించిన ఆవిరిపెట్టెలో అవుతుంది. కానీ కొత్త గదిలో చేరేటప్పుడు పాలు పొంగాలి కదా. అందుకని మా తాతల కాలంలోనే ఇత్తడి బుడ్డి ఒకటి తయారుచేశారు. అడుగున సన్న రంధ్రాలుంటాయి, పక్కన పెడల్. తొక్కితే గాలి లోపలికి వెళ్ళి నురుగు లేచి పాలు అంచు దాటుతాయి. తూర్పుకు పడితే మంచిదంటారు. బుడ్డి పెట్టే పీటను ముందే కాస్త తూర్పుకు వాల్చి పెడతారు. ఇంతవరకు ఏ గదిలోనూ పాలు పడమరకు పడలేదు.

తొట్టిపాలకు ఇది చక్కగా సరిపోయింది. వాటిలో చంపాల్సిందేమీ ఉండదు.

మండలి గేదెపాలను కూడా ఇదే బుడ్డిలో పోసి, తొక్కి, పొంగించి, అప్పుడే పంచుతోంది. పొంగని పాలు తాగొద్దని అమ్మమ్మలు చెప్పి పోయారు కాబట్టి ఆ మాట జవదాటరు. నేను థర్మామీటరు పెట్టి చూశాను. పొంగకముందు ఇరవయ్యారు డిగ్రీలు. పొంగాక ఇరవయ్యారు డిగ్రీలు.

"వేడి చెయ్యరా అండీ?" అని త్రివిక్రమరావు గారిని అడిగాను.

"వేడి దేనికమ్మా? పొంగడం నువ్వు కళ్ళారా చూశావు."

"గాలికి పొంగాయండి."

"దేనికి పొంగితేనేం? పెద్దలు పొంగాలన్నారు. పొంగాయి. పొంగిన పాలకు దోషం లేదు. వేడి చెయ్యమని వాళ్ళెక్కడన్నా అన్నారా? అంటే చూపించు."

చూపించలేకపోయాను. నిజంగానే వాళ్ళు అనలేదు. నీళ్ళు తడిగా ఉంటాయని కూడా మా అమ్మమ్మలు ఎవరికీ చెప్పి ఉండరు.

వచ్చేముందు ఆయన ఒక శుభవార్త చెప్పారు. గర్భిణుల కోటా మొదలుపెడుతున్నారట. మొదటి గ్లాసు మా చెల్లెలు ఇందుమతికే. దానికి ఏడో నెల. బిడ్డ వస్తోందని కొత్త గది కేటాయించారు. గది ప్రవేశం రోజున పొంగిన గేదెపాలు ముందు అది తాగాలి, తర్వాత రోజూ కోటా. దాని మొగుడు సత్యమూర్తి మండలి కార్యదర్శి. ఏర్పాట్లన్నీ ఆయనవే.

నమోదు 3

పాండురంగానికి జ్వరం. నేను ఆసుపత్రికి వేరే వార్త కోసం వెళితే బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"పొద్దుగూకేసరికి ఒళ్ళు కాలిపోద్దండి," అని డాక్టర్‌కు చెబుతున్నాడు. "తెల్లారేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారతాయి. పగలంతా బానే ఉంటాను. మళ్ళీ సాయంత్రం తయారు. నడుం పట్టేసింది. మోకాళ్ళు నావి కావండి అసలు."

"గేదె ఈసుకుపోయినప్పుడు దూడని నువ్వే లాగావా?"

"ఆయ్."

"చేతులకి తొడుగులు వేసుకున్నావా?"

"తొడుగులేంటండి, నేనేమన్నా పెళ్ళికెళ్ళానా?"

"పాలు తాగుతున్నావా?"

"పితికిన ముంతలోంచే తాగుతానండి. నురగ చల్లారకూడదన్నారు అధ్యక్షులుగారు."

అతన్ని లోపల పడుకోబెట్టి డాక్టర్ జుబేదా నా దగ్గరకు వచ్చింది. బ్రూసెల్లా అనే క్రిమి ఒకటుందని చెప్పింది. అది పట్టిన గేదెలు ఈసుకుపోతాయి. వాటి పాలలో క్రిమి ఉంటుంది. పచ్చిపాలు తాగినవాళ్ళకు, ఈసుకుపోయిన దూడను ముట్టుకున్నవాళ్ళకు అంటుకుంటుంది. వచ్చే పోయే జ్వరం, చెమటలు, కీళ్ళ నొప్పులు. పట్టించుకోకపోతే నెలల తరబడి వదలదు. పచ్చిపాలలో ఇంకా చాలా రావచ్చంది. విరేచనాలు పట్టించేవి, పిల్లల మూత్రపిండాలు పాడుచేసేవి, క్షయ తెచ్చేవి. చల్లటి పెట్టెలో పెడితే ఇవేవీ చావవు. బాగా కాస్తే చస్తాయి.

"అయితే ఇది బ్రూసెల్లానే అని రాయనా?"

"అనుమానం అని రాయి. రక్తం తీశాను, రెండు గేదెల పాలూ విడివిడిగా సీసాల్లో పట్టించాను. రేపటి బార్జికి ఒడ్డు మీద ల్యాబుకు వెళతాయి. ఫలితం రావాలి."

"అనుమానమంటే మండలి నవ్వుతుంది."

"నిర్ధారణ అంటే నేను అబద్ధం చెప్పినట్టవుతుంది."

మేమిద్దరం ఇందుకే స్నేహితులమయ్యాం. ఇందుకే మాకు వేరే స్నేహితులు లేరు.

"కడుపుతో ఉన్నవాళ్ళు తాగితే?" అని అడిగాను.

ఎవరి గురించి అడుగుతున్నానో ఆమెకు తెలుసు.

"గేదెకేమైందో విన్నావుగా," అంది. "మనిషికి తప్పకుండా అంతే అవుతుందని కాదు. అవ్వచ్చు."

నమోదు 5

నాలుగో నమోదు ఇక్కడ లేదు. వార్త కోసం ఎడిటర్ గారు తీసుకున్నారు. గోడపత్రిక తెర మీదకు ఎక్కేసరికి దాని శీర్షిక 'గేదెపాలు: రెండు వైపులా' అయింది. డాక్టర్‌వి మూడు వాక్యాలు, మండలివి మూడు వాక్యాలు, మధ్యలో గేదె ఫోటో. ఈసుకుపోయిన సంగతి ఎగిరిపోయింది. శుభకార్యాల రోజుల్లో అలాంటివి బాగుండవన్నారు.

"సమతూకం ఉండాలి హైమవతీ," అన్నారు ఎడిటర్ గారు.

"మరి క్రిమిని కూడా అడగాల్సింది సార్."

"క్రిమినా?"

"దాని వైపు కూడా ఒకటుంటుంది కదా."

ఆయన ఫోన్ వచ్చినట్టు లేచి వెళ్ళారు.

పాఠకుల స్పందన మాత్రం బాగా వచ్చింది. ఎక్కువమంది గేదె కళ్ళు బాగున్నాయన్నారు.

ఈ వారం మూడో ఓడలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ మండలి పాలు తాగినవాళ్ళే. మండలి సభ పెట్టి వివరణ ఇచ్చింది. శరీరం ఇన్నేళ్ళుగా పేరుకున్న తొట్టిపాల విషాన్ని బయటకు నెడుతోందట. ఎంత ఎక్కువగా పోతే అంత మంచిదట. ఒక పిల్లవాడికి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. వాడిలో విషం బాగా ఉండి ఉంటుంది.

సభలో అనుభవాలు కూడా చెప్పించారు. ఒకాయన లేచి తన మోకాళ్ళ నొప్పులు మాయమయ్యాయన్నాడు. పక్కన కూర్చున్న ఆయన భార్యను ఎన్నాళ్ళనుంచి ఉన్నాయండీ నొప్పులు అని అడిగాను.

"నాకూ ఇప్పుడే తెలిసిందండి," అంది.

త్రివిక్రమరావు గారు సభ మధ్యలో రెండుసార్లు చెమట తుడుచుకున్నారు. శాలువా కప్పుకున్నారు. మళ్ళీ తీసేశారు. మళ్ళీ కప్పుకున్నారు. బావుందా అండీ ఒంట్లో అని అడిగితే, జీవధార పనిచేస్తోందమ్మా అన్నారు. అందులో నాకేమీ సందేహం లేదు.

నమోదు 6

సత్యమూర్తి గదికి వెళ్ళాను. ఇందుమతి డ్యూటీలో ఉంది. ఆయన గోడకు మామిడాకులు అంటిస్తున్నాడు. ప్లాస్టిక్ ఆకులు, అయినా కొనలు సమానంగా ఉండాలని కొలుస్తున్నాడు.

"ఆ పాలు దాని చేత తాగించకండి మరిదిగారూ," అన్నాను.

"ల్యాబు ఫలితం వచ్చిందా వొదినా?"

"బార్జి ఇంకా తిరిగి రాలేదు."

"రానివ్వండి. రోగముందని తేలితే ఆ నిమిషమే ఆపేద్దాం."

"ఈలోపు?"

"ఈలోపు తాగుద్ది. రుజువు లేకుండా ఎవరి మీదా నింద వెయ్యకూడదని మీరే కదండీ రాస్తుంటారు."

"గేదె మీద నేనేం నింద వెయ్యట్లేదు. కాచి తాగమంటున్నాను."

"కాస్తే జీవం పోద్ది. ఇంక తొట్టిపాలకీ దానికీ తేడా ఏవుంటాది?"

ఆయన ఒక ఆకు అంటించి, వంకరగా ఉందని పీకి, మళ్ళీ అంటించాడు. నా వైపు తిరగకుండానే అన్నాడు.

"పోయినసారి తొట్టిపాలే తాగింది కదండీ వొదినా. ఏవయ్యింది?"

రెండేళ్ళ క్రితం ఇందుమతికి అయిదో నెలలో కడుపు పోయింది. ఆ రోజు ఆసుపత్రి వరండాలో ఈయన గోడకు ఆనుకుని నిలబడి ఉండడం నాకు గుర్తుంది.

"దానికీ పాలకూ సంబంధం లేదని డాక్టర్ చెప్పింది కదా."

"చెప్పేరు. మరి దేనికయ్యిందో మాత్రం చెప్పలేకపోయేరు."

డాక్టర్‌కు తెలియని చోట త్రివిక్రమరావు గారికి తెలుసు. పోటీలో మేం అక్కడే ఓడిపోయాం.

నమోదు 7

ఇందుమతి ఆవిరి లైన్ల మెకానిక్. ఏడో నెలలో కూడా పైపు కింద పడుకునే పని చేస్తోంది. ఈ రోజు నేను వెళ్ళేసరికి వెల్లకిలా ఉంది, పొట్ట మీద స్పానరు పెట్టుకుని. అది కాస్త కాస్త కదులుతోంది.

"తంతోంది చూడు," అంది. "పడేస్తుందేమోనని పందెం కాస్తున్నాను."

నేను అన్నీ చెప్పాను. చంద్రవంక, పాండురంగం చొక్కా, డాక్టర్ అన్న మాట. అది స్పానరు తీసి పక్కన పెట్టింది.

"తాగను పో అని చెప్పెయ్యి," అన్నాను.

"చెప్తే ఆయనేం చేస్తాడో తెలుసా అక్కా? ఏం చెయ్యడు. అదే వచ్చిన బాధ. అరిస్తే నేనూ అరుస్తాను. ఆ మూల కూర్చుని చేతులు చూసుకుంటాడు. పోయినసారి ఎన్ని నెలలు చూసుకున్నాడో నీకు తెలీదు."

"అయితే తాగుతావా?"

"నాకేమన్నా పిచ్చా?" అని లేచి కూర్చుంది. "పాలు పొంగాలన్నారు. అంచు దాటాలన్నారు. తూర్పుకి పడాలన్నారు. అంతేనా?"

"అంతే."

"గాలితోనే పొంగాలని ఎక్కడన్నా ఉందా?"

"లేదు."

"అయితే పొంగుబుడ్డి నాకు ఒక పూట ఇప్పించు. దాని కింద పీటలో కరెంటు కాయిల్ బిగిస్తాను. నిషేధం మంట మీద కదా, వేడి మీద కాదు. గాలి గొట్టం పీకి, అడుగున రంధ్రాలు పూడ్చేస్తాను. పెడల్ ఊరికే ఊగుతుంది. తొక్కే వంతు ఆడపడుచుదంటారు. మనకి లేరు కాబట్టి నువ్వే. తొక్కుతున్నట్టు నటిస్తే చాలు."

"నటన నా వల్ల కాదే."

"ఇన్నేళ్ళూ ఎడిటర్ గారి మాట వింటున్నట్టు నటించింది ఎవరు మరి?"

డాక్టర్ జుబేదాను అడిగాం. పాలు అడుగునుంచి కాగి పైకి పొంగితే చాలు, అందులో బ్రూసెల్లా బతకదంది. మిగతా సంగతి తను వినలేదని చెప్పమంది.

నమోదు 8

గది ప్రవేశం అయింది. వరసగా రాస్తాను.

మండలి మొత్తం వచ్చింది. త్రివిక్రమరావు గారు రెండు శాలువాలతో వచ్చారు. నడుస్తుంటే సత్యమూర్తి ఒక చెయ్యి పట్టుకున్నాడు. బుడ్డి తూర్పుగోడ పక్కన పీట మీద ఉంది. పాలు పోశారు. నన్ను తొక్కమన్నారు. తొక్కాను.

ఏమీ జరగలేదు. పాలు కాగడానికి ఎంతసేపు పడుతుందో ఆ గదిలో ఎవరికీ తెలియదు, నాతో సహా. మామూలుగా నాలుగు తొక్కులకు అయిపోయే పని. తొక్కుతూనే ఉన్నాను.

"గట్టిగా తొక్కమ్మా," అన్నారు ఎవరో.

"పేపరువాళ్ళు కదండీ, కాలికి పని తక్కువ," అన్నారు ఇంకొకరు.

"కొత్త గది కదా, పాలు సిగ్గుపడుతున్నాయి," అంది ఇందుమతి.

త్రివిక్రమరావు గారు జీవధార మీద ప్రసంగం మొదలుపెట్టారు. మొదటిసారి నేను ఆయన ప్రసంగం పొడుగ్గా ఉండాలని కోరుకున్నాను. ఆయన నిరాశపరచలేదు.

బుడ్డిలోంచి ఆవిరి లేచింది. ప్రసంగం ఆగింది. పాల మీంచి ఆవిరి రావడం నావలపాడులో ఎవరూ చూడలేదు. తర్వాత వాసన వచ్చింది. దాన్ని వర్ణించను. గదిలో ఉన్నవాళ్ళంతా ఒక అడుగు ముందుకు వేశారని మాత్రం రాస్తాను. పాల మీద పల్చటి పొర కట్టింది. అది ముడతలు పడింది. అంచుల్లో చిన్న చిన్న బుడగలు వచ్చాయి. నేను అది చూస్తూ తొక్కడం మర్చిపోయి కాలు తీసేశాను.

అప్పుడు పొంగాయి. ఎవరూ తొక్కకుండా, వాటంతట అవే, పొరను నెత్తిన పెట్టుకుని లేచి అంచు దాటి తూర్పుకు పడ్డాయి.

సత్యమూర్తి నా కాలి వైపు చూశాడు, తర్వాత పెడల్ వైపు.

ఇందుమతి మంచి మెకానిక్. వోల్టేజి లెక్క వేసింది, కాయిల్ మందం లెక్క వేసింది. పొంగిన పాలు కాలుతున్న కాయిల్ మీద పడితే మాడతాయని మాత్రం దానికి తెలియదు. ఎవరికి తెలుసు? పొగ వచ్చింది. పైకప్పులో ఉన్న, పొగను కనిపెట్టే కళ్ళు చూశాయి. సైరన్ మోగింది. హైడ్రోజన్ ఉన్న ఊళ్ళో సైరన్ మోగితే ఎవరూ కారణం అడగరు. ఓడల మధ్య తలుపులు మూసుకుపోయాయి. పట్టుచీరలతో, శాలువాలతో అందరం ప్రాణరక్షణ పడవల్లోకి దూకాం. ఊరు ఊరంతా దూకింది.

ఇందుమతి కరెంటు పీకేసి, బుడ్డిని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.

"ప్రాణాలు పట్టుకుని రమ్మంటే బుడ్డి పట్టుకొచ్చావేంటే?" అన్నాను.

"మళ్ళీ కాయాలంటే రేపటికి నా లైసెన్సు ఉండదక్కా."

మా పడవలో త్రివిక్రమరావు గారు పడ్డారు. గాలికి ఆయన దవడలు కొట్టుకుంటున్నాయి. సాయంత్రమవుతోంది, జ్వరం పైకి లేచే వేళ. ఏదన్నా వేడిగా ఉందా అని అడిగారు. సముద్రం మధ్యలో, ఆ పడవలో, వేడిగా ఉన్న వస్తువు ఒక్కటే ఉంది.

ఇందుమతి పడవలో ఉన్న మంచినీళ్ళ గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని తాగారు. పెదవి మీద మీగడ అంటుకుంది. అదేమిటో తెలియక వేలితో తీసి చూసి, నోట్లో పెట్టుకున్నారు.

"ఈ రుచి ఎక్కడిదమ్మా?"

"కాగాయండి," అంది ఇందుమతి.

ఆయన గ్లాసు మళ్ళీ చాచారు.

సత్యమూర్తి బుడ్డిని ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వొదిన తొక్కింది కదా ఇందూ?"

"అక్క నటించింది."

"కాచేశావా? మరి జీవం పోయుంటాది కదే."

"ఏది పోవాలో అదే పోయింది," అని తన గ్లాసులో పోసుకుంది. ఆయన అడ్డుపడలేదు. తాగినంతసేపూ దాని గొంతు వైపే చూస్తూ కూర్చున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యాక, అడుగున మిగిలిందేదో తనకిమ్మని అడిగాడు.

నమోదు 9

బార్జి తిరిగి వచ్చింది. పాండురంగానికి బ్రూసెల్లా ఉంది. చంద్రవంక పాలలో ఉంది. ఈసారి మండలివాళ్ళే వరసకట్టి రక్తం ఇచ్చారు. తర్వాతి బార్జికి త్రివిక్రమరావు గారి రక్తంలో, ఇంకా కొందరి రక్తంలో క్రిమి ఉందని తేలింది. ఆరు వారాలు రెండు రకాల మందులు మింగాలి, మధ్యలో మానకూడదు. చంద్రవంకను చివరి ఓడలో వేరుగా కట్టేశారు. ఇందుమతికి కూడా పరీక్ష చేశారు. ఏమీ లేదు. డాక్టర్ జుబేదా గది బయటకు వచ్చి ఆ కాయితం నాకు కాక సత్యమూర్తి చేతికిచ్చింది. ఆయన అది చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చదివాడు.

"పోయినసారిది దేనికయ్యిందో ఇప్పటికీ తెలీదండి నాకు," అంది డాక్టర్.

"తెలీదంటే తెలీదనే చెప్పేరు కదండీ," అన్నాడు. "అదే నాకప్పుడు నచ్చలేదు."

భద్రతా కార్యాలయం ఇందుమతి మీద కేసు రాసింది. పాలు కాయడం నేరమని ఏ సెక్షన్‌లోనూ లేకపోవడంతో చాలాసేపు వెతికి 'మంట లేని మంట' అని రాసుకున్నారు. కాన్పు అయ్యేదాకా లైసెన్సు రద్దు చేశారు. ఎలాగూ అప్పటిదాకా దానికి సెలవే.

మండలి ఆసుపత్రి మంచం మీదనుంచే ప్రకటన ఇచ్చింది. సుదీర్ఘ పరిశోధన తర్వాత త్రివిక్రమరావు గారు ప్రాణోష్ణ విధానాన్ని కనుగొన్నారట. పాలను తగినంత ప్రాణోష్ణానికి గురిచేస్తే అవి స్వయంగా పొంగుతాయట. ఆ విధానానికి కావలసిన కాయిల్ ఒకటి చేసిపెట్టమని ఇందుమతికి కబురు వచ్చింది. వేడి అనే మాట మాత్రం దాని మీద రాయొద్దట.

"ఏం చేస్తావు?" అని అడిగాను.

"చేసిస్తాను. పేరేం పెట్టుకుంటే నాకేం, వంద డిగ్రీలకి చేరేదాకా కట్ అవ్వకుండా బిగిస్తాను."

ఎడిటర్ గారు నన్ను పిలిచి 'ప్రాణోష్ణం: రెండు వైపులా' అని రాయమన్నారు.

నమోదు 10

ఇందుమతికి ఆడపిల్ల. నెలలు నిండాకే పుట్టింది. గట్టిగా ఏడ్చింది. బరువు బాగుంది.

బాలింతకు పాలు కాచే పని సత్యమూర్తి తీసుకున్నాడు. భద్రతా కార్యాలయం కొత్త నిబంధన పెట్టింది, పాలు కాగుతున్నంతసేపు మనిషి పక్కనే నిలబడాలని. ఆయన నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, కన్ను ఆర్పకుండా, కాపలా సిపాయిలా నిలబడ్డాడు. ఎంతకీ పొంగలేదు. వెనక మంచం మీద పాప తుమ్మింది. ఆయన ఒక్కసారి తల తిప్పి చూశాడు.

పాలు పొంగాయి, కాయిల్ మీద పడ్డాయి, మాడాయి. సైరన్ మోగింది. ఊరు ఊరంతా పడవల్లోకి దిగింది. సత్యమూర్తి ఒక చేత్తో పాపను, ఒక చేత్తో బుడ్డిని పట్టుకుని అందరికంటే చివర వచ్చాడు. పుట్టి నిండా వారం కాని పిల్లకు నావలపాడు మొత్తాన్ని ఒకేసారి చూపించినట్టయింది.

ఎవరూ తిట్టలేదు. నేను చుట్టూ చూశాను. ఈసారి జనం పడవల్లోకి గ్లాసులు పట్టుకుని వచ్చారు.